గడియారస్తంభం దగ్గర తలుపెక్కడిది?

2వ తేదీ
విద్యార్థినుల వసతి గృహం

బాబాయికి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. బాగాలేనిది నా థీసిస్సు. పని పడితే తప్ప నేను ఉత్తరం రాయనని పిన్ని అంటుంది కదా, ఆ మాట నిజం చేస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉపన్యాస కళ మీద నేను చేస్తున్న పరిశోధన రెండుసార్లు తిరిగొచ్చిన సంగతి నీకు తెలిసిందే. మొదటిది 'నాయకుల మౌనం'. సరుకు చాలలేదన్నారు. రెండోది 'వందన సమర్పణల్లో వందనం'. అది చదువుతూ పరీక్షకుడు నిద్రపోయాడట, లేచాక ఎక్కడ ఆపాడో గుర్తు రాలేదట. ఇది మూడోసారి, ఆఖరుసారి. ఈ నెల ఇరవయ్యో తేదీకి థీసిస్ ఇవ్వాలి, ముప్పయ్యో తేదీన మౌఖిక పరీక్ష. ఇది కూడా పోతే నా సీటు రద్దు. ఇంటికొచ్చి నాన్న కొట్లో తాళాలు అమ్ముకోవడమే. నాన్న అప్పుడే నా కోసం ఒక స్టూలు కొని ఉంచాడని అమ్మ రాసింది.

కానీ ఈసారి నా పంట పండింది బాబాయ్! పోయిన నెల గడియారస్తంభం ప్రారంభోత్సవంలో మీ నాయకుడు పెద్దాయన చేసిన ఉపన్యాసమే నా విషయం. నువ్వు ఆయన ఆఫీసులో ఇరవయ్యారేళ్ళుగా టైపిస్టువి, నీకు చెప్పేదేముంది! ఆ సభ టేపు మా గైడు మాష్టారి దగ్గరుంది. పదిహేడుసార్లు విన్నాను. విన్నకొద్దీ మతిపోతోంది.

మొదట అన్నీ మామూలు మాటలే. 'సోదర సోదరీమణులారా, ఈ గడియారంతో మన పట్టణంలోకి కొత్త యుగం అడుగు పెడుతోంది' అన్నారు. వెంటనే, అదే గొంతుతో, 'తలుపు వేసి రా, గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయి' అన్నారు. బాబాయ్, అది మైదానం! అక్కడ తలుపెక్కడిది? ఆయన చేతిలో ఒక్క కాగితం కూడా లేదు. ఆ తర్వాత నలభై సెకన్లు నోరు మెదపలేదు. అన్ని వేలమందీ ఊపిరి బిగబట్టారు. తర్వాత చప్పట్లు చూడాలి!

నీళ్ళు, రోడ్లు, వీధి దీపాలు అన్నీ వరసగా చెప్పుకొచ్చి, 'వేసుకున్నాను, పొద్దున్నే వేసుకున్నాను, ఎన్నిసార్లు అడుగుతావు?' అన్నారు. భారం భుజాన వేసుకున్నారని మాష్టారు అంటారు. ఆ తర్వాత, 'మీ అన్నయ్య వస్తే రానీ, నేను కాదన్నానా?' అన్నారు. ఎవరి అన్నయ్య? ఎక్కడికి? ఇక చివర్న, 'సరే, వస్తున్నా. నువ్వు కూర్చో, మోకాలు నొప్పి అన్నావుగా' అని దిగిపోయారు. ముందు వరసలో ఉన్న పెద్దవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. మా మోకాళ్ళ సంగతి కూడా ఈయనకు పట్టింది కదా అని.

నాకు కావలసింది ఒక్కటే. ఆ ఉపన్యాసం టైపు కాపీ, మీ ఆఫీసు ముద్రతో. అది జతపరచకపోతే థీసిస్ చేతికి కూడా తీసుకోరు. వెంటనే పంపుతావు కదూ?

నీ అన్న కూతురు,
బుజ్జి

తా.క. ఉపన్యాసం నడిచిన నలభై ఏడు నిమిషాలూ ఆ గడియారం పదీ పది దగ్గరే ఆగి ఉంది. అది కూడా ముందే అనుకుని చేసిందేనా? దాని మీద ఒక అధ్యాయం రాసేశాను.

ఇంకో తా.క. పిన్ని మోకాలు ఎలా ఉంది?

*

5వ తేదీ
ఇంటి నుంచి

చిరంజీవి బుజ్జికి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందేదాకా మేమంతా క్షేమం.

అమ్మా, ఆ ఉపన్యాసం వద్దు. బాబాయి చెబుతున్నాడు, విను. అది అంత గొప్పదేం కాదు. ఆ రోజు ఆయనకు కొంచెం జలుబు కూడా చేసింది. అంతకన్నా మంచివి బోలెడున్నాయి. పశువైద్యశాల ప్రారంభోపన్యాసం ఉంది, చాలా నిండుగా ఉంటుంది. మురుగుకాలువ శంకుస్థాపన ఉపన్యాసం ఉంది, అందులో ఉపమానాలు కూడా ఉన్నాయని కార్యదర్శి గారు చెప్పుకుంటారు. ఉపన్యాసాలన్నీ రాసేది ఆయనే కాబట్టి ఆయనకే తెలియాలి. వాటి మీద రాసుకో, హాయిగా డిగ్రీ తెచ్చుకో.

గడియారస్తంభం కాపీ అడిగావు. అది దొరకదు. చెదలు పట్టింది. ఇనప బీరువాలో చెదలేమిటని అడుగుతావేమో, అడక్కు. పెద్దవాళ్ళు చెప్పింది విన్నావంటే బాగుపడతావు.

ఇంకో మాట. ఆ అన్నయ్య సంగతి మీ మాష్టారు ఎవరితోనైనా అన్నారా? అనకపోతే అననివ్వకు. అనేసి ఉంటే నాకు వెంటనే రాయి.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. పిన్ని మోకాలు అలాగే ఉంది. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి పడీ పడీ నవ్వుతోంది. ఎందుకని అడక్కు, నేను చెప్పను.

ఇంకో తా.క. గడియారం ఆగిపోయిందంటే అందులో అలంకారం ఏమీ లేదమ్మా. తాళంచెవి తెచ్చే మనిషి రాలేదు, అంతే.

*

9వ తేదీ
వసతి గృహం

రహస్యాల పెట్టె అయిన మా బాబాయికి నమస్కారాలు.

నాకు అంతా అర్థమైంది. నువ్వు ఏదో దాస్తున్నావు. ఇనప బీరువాలో చెదలా బాబాయ్? నేను తాళాల కొట్టాయన కూతుర్ని, నాకు బీరువాల గురించి చెబుతావా?

నీ ఉత్తరం మాష్టారికి చూపించాను. కోప్పడకు. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, 'చూశావా, లోపలి మనుషులే భయపడుతున్నారంటే ఆ ఉపన్యాసంలో పెద్ద రహస్యమే ఉంది' అన్నారు. నువ్వు చెప్పిన మిగతా రెండు ఉపన్యాసాల టేపులు కూడా తెప్పించి విన్నాం. బాబాయ్, నీ రుణం ఎలా తీర్చుకోను!

పశువైద్యశాలలో, నోరులేని జీవాల బాధ గురించి చెబుతూ చెబుతూ, 'కాస్త మెల్లగా మాట్లాడు, ఇక్కడ పని జరుగుతోంది' అన్నారు. మురుగుకాలువ దగ్గర, 'ఆ డబ్బా పై అరలో ఉంది, స్టూలు వేసుకుని తీసుకో, పడతావు జాగ్రత్త' అన్నారు. ఏ డబ్బా? మురుగుకాలువకు పై అర ఏమిటి? మాష్టారు అది సామాజిక ఎదుగుదల అంటున్నారు. డబ్బా అంటే అవకాశమట. స్టూలు అంటే విద్యట. నాకు మాత్రం అంతా గందరగోళంగా ఉంది.

ఒక్కటి మాత్రం నాకు తోచింది, అదే నా థీసిస్. ఈ మాటలన్నీ సమాధానాలు బాబాయ్! ఎవరో ఏదో అడుగుతున్నారు, ఈయన జవాబిస్తున్నారు. ఆ అడిగే గొంతు మనకు వినపడదు. అందరినీ 'మీరు' అని మాట్లాడే మనిషి ఆ మాటలు మాత్రం 'నువ్వు' అని అంటారు. సభలో లేని మనిషి ఒకరితో మాట్లాడుతున్నారు. ఆ మనిషికి 'అదృశ్య శ్రోత' అని పేరు పెట్టాను. ఆ శ్రోత ఎవరంటే, ప్రజ అంటారు మాష్టారు. కాదు, ఎవరో ఒక మనిషి అంటాను నేను. నాలుగో అధ్యాయం దగ్గర మేమిద్దరం రోజూ పోట్లాడుకుంటున్నాం.

అన్నయ్య సంగతి అడిగావు. అయిపోయింది. మాష్టారు పేపరుకు రాసేశారు. అవతలి పార్టీ నాయకుణ్ణి వాళ్ళ పార్టీలో అందరూ అన్నయ్య అంటారని నాకేం తెలుసు? 'అన్నయ్యకు పెద్దాయన ఆహ్వానం' అని మొదటి పేజీలో వేశారు. ఆయన కూడా వస్తానన్నట్టే మాట్లాడుతున్నాడట.

చెదల కబుర్లు మాని కాపీ పంపు. నీ ఉత్తరాలు నాకు చేరడం ఆలస్యమవుతోంది, కాబట్టి కాపీ మాత్రం రిజిస్టరు పోస్టులో నేరుగా మాష్టారికే పంపించు. ఇరవై దాటితే నాకు తాళాలే గతి.

నీ
బుజ్జి

తా.క. నాన్న స్టూలుకు మెత్త కూడా కుట్టించాడట.

*

12వ తేదీ
ఇంటి నుంచి

చిరంజీవి బుజ్జికి. ఇది చదివి చింపెయ్. చింపి, ఆ ముక్కలు కూడా చింపెయ్.

ఇక దాచి లాభం లేదు. కొంప మునిగేలా ఉంది.

మా పెద్దాయనకు దగ్గరి అక్షరాలు కనపడవు. కళ్ళజోడు పెట్టుకుంటే ఫొటోల్లో ముసలివాడిలా పడతానని పెట్టుకోరు. మునుపు ఆయన భార్య ఉపన్యాసాలు చదివి వినిపించేది. ఆవిడ పోయి ఏడేళ్ళు. అంత పెద్ద ఇంట్లో ఇప్పుడు ఆయన ఒక్కరే. అప్పట్నుంచి ఆ పని నా మీద పడింది. కార్యదర్శి గారు రాసింది నేను టైపు చేసి, దాన్ని చదివి కాసెట్లో రికార్డు చేసిస్తాను. ఆయన అది కారులో నాలుగుసార్లు వింటారు. అంతే, విన్నది విన్నట్టు అప్పజెప్పేస్తారు. అంత ధారణ ఉన్న మనిషి ఆయన.

ఆఫీసులో ఫ్యాను గోల, టైపు మిషన్ల గోల. అందుకని కాసెట్టు ఇంటి దగ్గర, సాయంత్రం పూట, ముందు గదిలో కూర్చుని చదువుతాను. మధ్యలో ఆపడం నాకు చేతకాదు. ఒకసారి ఆపి మళ్ళీ నొక్కితే మొత్తం చెరిగిపోయింది. అందుకని ఒక్క ఊపున చదవాలి. అయితే ఇంట్లో మీ పిన్ని ఉంటుంది కదా.

ఇప్పుడు అర్థమైందా? తలుపు మా ఇంటి తలుపు. కాగితాలు నావి. నలభై సెకన్లూ నేను మంచం కింద కాగితాలు ఏరుకున్నాను. వేసుకున్నది రక్తపోటు మాత్ర. డబ్బాలో ఉన్నది బొత్తాలు. అన్నయ్య మీ పిన్ని అన్నయ్య, నెల్లాళ్ళు ఉండిపోవడానికి వస్తానని రాశాడు. నేను కాదనలేదు, అన్నా వినడు. ఇక మోకాలు ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు. మీ పిన్ని లోపల్నుంచి మాట్లాడుతుంది కాబట్టి ఆమె గొంతు మిషన్లో సరిగా పడదు. నా జవాబులు మాత్రం గంట కొట్టినట్టు పడతాయి.

మొదటిసారి పశువైద్యశాల దగ్గర ఆయన నా మాట అప్పజెప్పినప్పుడు నాకు గుండె ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. కార్యదర్శి గారేమో పెద్దాయనే అప్పటికప్పుడు కలిపారనుకున్నారు. పెద్దాయన అవి కార్యదర్శి రాసినవనుకుని ఉంటారు. నేను నోరు మూసుకున్నాను. పశువైద్యశాల, మురుగుకాలువ ఉపన్యాసాల్లో అన్నయ్య ఊసు లేదు కాబట్టే నీకు అవి చెప్పాను. ఇప్పుడు ఈ అన్నయ్య గొడవతో ఆ మాట ఎవరు దూర్చారో తేల్చాలని కార్యదర్శి గారు ఫైళ్ళన్నీ దించారు. తెలిస్తే నా ఉద్యోగం ఊడినట్టే.

అయినా నువ్వు ఆ స్టూలు మీద కూర్చోవడం నేను చూడలేను. అందుకని నువ్వు చెప్పినట్టే రెండు కాపీలు ఈ రోజే రిజిస్టరు పోస్టులో మీ మాష్టారి పేర పంపాను. ఒకటి అసలు కాపీ, అందులో ఆ మాటలు లేవు. రెండోది ఆ మాటలు కలిపి నేను కొత్తగా టైపు చేసింది. రెంటికీ ముద్ర వేశాను. కలిపిన దానికి పైన ఎర్ర టిక్కు పెట్టాను. మా ఆఫీసులో ఎర్ర టిక్కు పెడితే ఆ కాగితం రద్దయినట్టు. నువ్వు ముందు వెళ్ళి, రెండూ చూసుకుని, ఏం చేస్తే మనిద్దరం బతుకుతామో నువ్వే ఆలోచించు. చదువుకున్నదానివి.

మీ బాబాయి

తా.క. అవకాశం డబ్బా, విద్య స్టూలు అన్న ముక్క పిన్నికి చదివి వినిపించాను. బొత్తాల డబ్బాను అప్పట్నుంచి అవకాశాల డబ్బా అంటోంది. నా చొక్కాకు మాత్రం ఇంకా బొత్తం పడలేదు.

*

18వ తేదీ
వసతి గృహం

బాబాయికి, ఆదరాబాదరాగా రాయునది.

నీ ఉత్తరం ఇవాళ చేరింది. కాపీలు మాష్టారికి మూడు రోజుల కిందటే చేరాయి. మాష్టార్ల దగ్గర ఎర్ర టిక్కు పెడితే ఏమిటో తెలుసా బాబాయ్? అది సరైన జవాబని!

ఆయన టిక్కు ఉన్న కాపీని అసలుదిగా థీసిస్సుకు కుట్టించేశారు. టిక్కు లేనిదాన్ని 'తొలి చిత్తుప్రతి' అన్నారు. 'చూడు, మొదట పొడిగా రాసుకుని, తర్వాత ఒక్కో మాటా ఎక్కడ పొదగాలో ఎంచి పొదిగారు' అని రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మూడు రోజులుగా మురిసిపోతున్నారు. థీసిస్సు నిన్ననే ఇచ్చేశాం. అంతటితో ఊరుకున్నారా? ఈ ఎర్ర టిక్కు కాపీయే అసలుదని ధ్రువీకరించమని మీ కార్యదర్శి గారికి ఉత్తరం రాసి పడేశారు.

నూట నలభై పేజీలు బాబాయ్! నూట నలభై పేజీలు నేను మా పిన్ని మోకాలి మీద, నీ మాత్ర మీద రాశాను. ఇరవై రెండో పేజీలో 'ఈ తలుపు మానవ చరిత్ర అంతటికీ తలుపు' అని ఉంది. ఆ తలుపుకు గడియ సరిగా పడదు, నాకు తెలుసు, ఎన్నోసార్లు నేనే కాలితో తన్ని వేశాను.

నిజం చెబితే నీ ఉద్యోగం పోతుంది, నా సీటూ పోతుంది. చెప్పకపోతే పరీక్షలో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. పైగా ముప్పయ్యో తేదీన పొద్దున మా వార్షికోత్సవం. ముఖ్య అతిథి ఎవరనుకుంటున్నావు? మీ పెద్దాయనే. మధ్యాహ్నం నా మౌఖిక పరీక్ష. పరీక్షకులు ముగ్గురూ పొద్దున ముందు వరసలో కూర్చుంటారట, అదృశ్య శ్రోతను స్వయంగా వినడానికి.

నీకు దణ్ణం పెడతాను, ఈసారి కాసెట్టు శుభ్రంగా చెయ్యి. ఇంకో కొత్త మాట వచ్చిందంటే నేను తట్టుకోలేను.

బుజ్జి

తా.క. ఒక్క సంగతిలో నాకు సంతోషంగా ఉంది. అదృశ్య శ్రోత ప్రజ కాదు, ఒక మనిషే అని నేనన్నాను. గెలిచాను. కానీ ఎవరికీ చెప్పుకోలేను.

*

24వ తేదీ
ఆఫీసు నుంచి, భోజన విరామంలో

చిరంజీవి బుజ్జికి ఆశీస్సులు. నా క్షేమం ముప్పయ్యి తర్వాత రాస్తాను.

కాసెట్టు శుభ్రంగా చేశాను. ఇంతకన్నా శుభ్రంగా ఎవరూ చేయలేరు. పిన్నిని పైవాటా వాళ్ళింటికి పంపించి, తలుపు గడియ పెట్టి, కుళాయికి గుడ్డ కట్టి, గోడ గడియారం దిండు కింద పెట్టి చదివాను. ఒక్క దగ్గు లేదు. పదకొండు నిమిషాల్లో అయిపోయింది. మునుపు అంతంత సేపు ఎందుకు పట్టేదో ఇప్పుడు తెలిసింది.

కాసెట్టు కారులోకి పంపిన గంటకు పెద్దాయన ఆఫీసుకు ఫోన్ చేశారు, నేరుగా నాకే! ఇరవయ్యారేళ్ళలో ఎప్పుడూ చేయలేదు. 'ఏమయ్యా, మీ ఇంట్లో అంతా కులాసాయేనా?' అన్నారు. కులాసాయేనండి అన్నాను. మళ్ళీ, 'నిజంగానే కులాసాయేనా?' అన్నారు. అంతే, ఫోన్ పెట్టేశారు. దీని అర్థం ఏమై ఉంటుందో నాకు బోధపడటం లేదు. ఉద్యోగం తీసేసే ముందు పెద్దవాళ్ళు ఇలాగే కుశలం అడుగుతారని మా ఆఫీసు గుమాస్తా చెప్పాడు.

మీ మాష్టారి ఉత్తరం కూడా వచ్చింది. కార్యదర్శి గారు దాన్ని రెండుసార్లు చదివి నా బల్ల దగ్గరికొచ్చి, 'ఎర్ర టిక్కు ఏమిటి? కాపీ ఏమిటి?' అన్నారు. ఒకటో తేదీ పదింటికి పెద్దాయన ఇంటికి రమ్మన్నారు. అన్నీ అక్కడే తేలతాయట.

నువ్వు మాత్రం నా గురించి ఆలోచించకు. నీ పరీక్ష నువ్వు చూసుకో.

మీ బాబాయి

తా.క. మీ పిన్ని నాతో మాట్లాడటం లేదు. 'నన్ను బయటికి గెంటి చదువుకుంటారా?' అంది. మాత్ర వేసుకున్నానా లేదా అని కూడా అడగడం లేదు. రెండు రోజులు మర్చిపోయాను కూడా.

*

30వ తేదీ, సాయంత్రం
వసతి గృహం

బాబాయికి నమస్కారాలు.

ఏం రాయను? ఏం జరిగిందో నాకే సరిగా తెలియదు. వరసగా చెబుతాను.

పెద్దాయన వచ్చారు. పదకొండు నిమిషాలు మాట్లాడారు. తప్పు లేదు, తడబాటు లేదు. జనం వాచీలు చూసుకున్నారు. చప్పట్లు మా ప్రిన్సిపాలు ఒక్కరే మొదలుపెట్టి, ఎవరూ కలవకపోతే సిగ్గుపడి ఆపేశారు. కానీ ఉపన్యాసం మధ్యలో రెండుసార్లు పెద్దాయన మాట ఆపారు బాబాయ్. ఆపి, ఎవరో ఏదో అంటారేమో అన్నట్టు పక్కకు తిరిగి విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ మొదలుపెట్టారు.

మధ్యాహ్నం పరీక్షలో మొదటి ప్రశ్న అదే. 'మీ అదృశ్య శ్రోత ఈ పూట ఏమైపోయారమ్మా?' అన్నారు పెద్ద పరీక్షకుడు. మాష్టారు తల వంచుకున్నారు. నాకు పిన్ని గుర్తొచ్చింది, పైవాటా మెట్ల మీద కూర్చుని ఉంటుందని. ఆ ఊపులో, 'ఈ పూట ఆవిడ ఇంట్లో లేరండి' అనేశాను.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. 'ఆవిడా?' అన్నారు. అవునండి, ఆవిడే, ఆ మాటలు ఇంట్లో మనిషితో అనే మాటలు, అంతకు మించి నన్ను అడక్కండి అన్నాను. నీ పేరు మాత్రం చెప్పలేదు, ఒట్టు. పెద్ద పరీక్షకుడు చాలాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టి, 'దీనికి ఋజువు చెప్పగలిగింది ఒక్కరే' అని, ఒక కాగితం మీద ఒక్క ప్రశ్న రాసి పెద్దాయనకు పంపించారు. 'తమరు ఆ మాటలు ఎవరితో అన్నారు?' జవాబు వచ్చేదాకా నా ఫలితం ఆపి ఉంచారు.

ఆ కాగితం ఒకటో తేదీకి ఆయన బల్ల మీద ఉంటుంది. నువ్వు వెళ్ళేదీ ఆ రోజే. నన్ను క్షమించు బాబాయ్. నిన్ను కాపాడబోయి ఇంకా లోపలికి తోశాను.

నీ
బుజ్జి

తా.క. పిన్నికి ఫోన్ చేయాలనుకున్నాను, ధైర్యం చాలలేదు. నా నమస్కారాలు చెప్పు. ఇరవై రెండో పేజీ సంగతి మాత్రం చెప్పకు.

*

2వ తేదీ
ఇంటి నుంచి, ముందు గదిలోంచి

చిరంజీవి బుజ్జికి బాబాయి, పిన్ని ఆశీస్సులు. ఇద్దరం క్షేమం, ఇద్దరం మాట్లాడుకుంటున్నాం.

నిన్న పదింటికి వెళ్ళాను. కార్యదర్శి గారు గుమ్మం దగ్గరే ఉన్నారు, చేతిలో ఫైలు. పెద్దాయన ఆయన్ని బయటే కూర్చోమని, నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. చిన్న గది. బల్ల మీద టేపు రికార్డరు, పక్కన నా కాసెట్లన్నీ వరసగా, ఏడేళ్ళవి, అన్నిటి మీదా నా చేతి రాతే. ఒక్కటి కూడా పారేయలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఉన్నారు. నేను ఆ కళ్ళజోడు చూడటం అదే మొదలు.

'కూర్చోవయ్యా. మీ ఆవిడ బాగుందా?' అన్నారు.

'బాగుందండి.'

'మరి మొన్నటి కాసెట్టులో లేదేం?'

బుజ్జీ, ఇక నేను దొరికిపోయాననుకున్నాను. చేతులు జోడించి, 'క్షమించండి, అవి ఉపన్యాసంలో మాటలు కావు, నా వల్ల తప్పు జరిగింది' అన్నాను.

'నాకు కళ్ళు ఆనవు గానీ చెవులు బాగానే ఉన్నాయయ్యా. మురుగుకాలువ ఉపన్యాసంలో పై అరలో డబ్బా గురించి ఎవడు రాస్తాడు?' అన్నారు. 'మొదటిసారి నోరు జారి అన్నాను, నిజమే. అన్నాక ఎలా ఉందో తెలుసా? ఇంట్లో ఉన్నట్టుంది. మా ఆవిడ కూడా కాగితం చదువుతూ చదువుతూ మధ్యలో తలుపు అనేది, మాత్ర అనేది. పని జరుగుతుంటే ఏమిటీ గోల అని కసురుకునేవాణ్ణి. మోకాలు నొప్పంటే కూర్చో అని ఒక్కనాడూ అనలేదు. ఇప్పుడు కారులో మీ ఇద్దరి మాటలూ వింటూ వెళతాను. మీ ఆవిడ గొంతు సరిగా వినపడదు. వినపడకపోవడమే మంచిదయింది. నాకు మా ఆవిడే అడిగినట్టుంటుంది.'

నాకు ఏడుపొచ్చింది బుజ్జీ. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆయన కూడా కళ్ళజోడు తీశారు.

మొన్నటి కాసెట్టులో పిన్ని గొంతు లేకపోయేసరికి ఆమెకు ఏమైనా అయిందేమోనని కంగారుపడ్డారట. ఆ ఫోన్ అందుకే. మీ సభలో మధ్యలో ఆగింది కూడా అందుకే.

తర్వాత మీ పరీక్షకుడి కాగితం తీసి, తన చేత్తో జవాబు రాశారు. నేనే పోస్టు చేశాను, నీకు తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. 'మా ఆవిడతో. బతికుండగా అనవలసినవి' అని రాసి సంతకం పెట్టారు. కార్యదర్శి గారిని పిలిచి, ఎర్ర టిక్కు ఉన్నదే అసలు కాపీ, ఫైల్లో అదే ఉంచండి అన్నారు. కార్యదర్శి గారు నా వైపు చూసిన చూపు ఉంది చూడు, అదే నాకు జీతం పెంచినంత సంతోషం. ఇకమీదట తను రాసినవాటిని ఎక్కువ సవరించవద్దని మాత్రం నన్ను వేడుకున్నారు.

అన్నయ్య సంగతి కూడా తేలింది. అవతలి పార్టీ ఆయన నిజంగానే పెద్దాయన ఇంటికి వచ్చి గంటసేపు కూర్చున్నాడట. రాజకీయాల మాటే రాలేదట. వెళ్ళేటప్పుడు మళ్ళీ రమ్మన్నారట.

నీ ఫలితం ఈ ఉత్తరం కన్నా ముందే వచ్చి ఉంటుంది. నాలుగో అధ్యాయం మీ మాష్టారితో మార్పించు, శ్రోత ప్రజ కాదని ఒప్పించు. మీ నాన్నకు ఆ స్టూలు మాకు పంపించమని రాశాను. పై అర డబ్బాకు పనికొస్తుంది.

మీ బాబాయి

తా.క. నిన్న సాయంత్రం కొత్త కాసెట్టుకు కూర్చున్నాను. పిన్ని మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, మిషను ఎదురుగా వచ్చి కూర్చుంది. తలుపు తెరిచే ఉంది, కాగితాలు ఎగిరిపోతున్నాయి, ఒక్క మాట మాట్లాడదే! ఏమైందే అంటే, 'పెద్దాయన వింటున్నారు కదా, ఏం మాట్లాడితే బాగుంటుందో ఆలోచిస్తున్నా' అంది. నలభై సెకన్లు కాదు, నాలుగు నిమిషాలు పోయాయి.

ఇంకో తా.క. ఆ నాలుగు నిమిషాల తర్వాత మీ పిన్ని నోరు తెరిచి అడిగిన మాట ఇది: 'ఆయన అంత ఇంట్లో ఒక్కరే తింటారా? ఒక పూట మనింటికి భోజనానికి రమ్మని అనండి.' 'మీ అన్నయ్య వచ్చి ఉన్నాడు కదా, చోటు చాలుతుందా?' అన్నాను. 'వస్తే రానీండి, మీరు కాదన్నారా?' అంది. మిషన్లో ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఈసారి ఆవిడ గొంతు కూడా స్పష్టంగా పడింది. నేను చెరపలేదు.